ఆ చుక్కతో మనకేం పని?

ఈ వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాస్తామని ఒప్పుకోగానే సంపాదక మిత్రులు అంశాల జాబితా ఒకటి మా చేతికిచ్చారు. విద్య విలువ, గ్రంథాలయాల ఆవశ్యకత, యువత – చెడు అలవాట్లు, పోటీ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలి. అన్నీ కావలసినవే. ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మేమూ చదువుతూనే ఉన్నాం. ఈసారికి ఒక చుక్క గురించి రాస్తామన్నాం. "చుక్క మీద అభిప్రాయ వ్యాసం ఏందన్నా?" అని తమ్ముళ్ళు నవ్వారు. అభిప్రాయం ఉంది గనకనే రాస్తున్నాం. అదేమిటో ముందే చెప్పేస్తాం. ఆ చుక్కను అర్థం చేసుకోవడానికి కావలసిన సరంజామా దాదాపు అంతా మన ట్రంకుపెట్టెల్లోని ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. అయినా అది మనకు సంబంధించిన సంగతి కాదని మనకు చెబుతున్నారు. మనమూ తలూపుతున్నాం. ఆ తలూపుడు మాకు నచ్చలేదు.

చుక్క పేరు హెచ్.డి.ఇ. 226868. ఇదేం పేరు, హాల్ టికెట్ నంబరులా ఉంది అంటారేమో. నిజంగా నంబరే. తారల జాబితాలో దాని వరుస సంఖ్య. ఆకాశంలో హంస ఆకారంలో కనబడే నక్షత్ర మండలంలో, ఆ హంస మెడ దగ్గర ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. ఇది నీలి మహాతార, అంటే ఇంగ్లీషులో బ్లూ సూపర్‌జెయింట్ అనే రకం. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, ఇంకా కాలితే తెల్లగా మారడం మన ఊళ్ళలో చూసినవాళ్ళమే. తారల్లో ఆ వరుస ఇంకా పైకి పోతుంది. తెలుపు దాటితే నీలం. మన సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. ఈ తారది సుమారు 30 వేలు. అడ్డంగా కొలిస్తే సూర్యుడికి 22 రెట్లు, వెలుగులో దాదాపు 4 లక్షల రెట్లు. ఇంత వెలుగున్నది మన కంటికి ఎందుకు ఆనదంటే దూరం. అక్కడి నుంచి వెలుగు మన దగ్గరకు రావడానికి సుమారు 7,200 ఏళ్ళు పడుతుంది. దారిలో ధూళి కూడా అడ్డం.

ఇది ఒంటరి తార కాదు. దీనికో తోడు ఉంది. ఆ తోడును ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా వెలిగే తారగా ఏమీ కనబడదు. ఈ జంటకు సిగ్నస్ ఎక్స్-1 అని పేరు. మనిషి గట్టి ఆధారాలతో గుర్తించిన మొట్టమొదటి కృష్ణబిలం అందులోనే ఉంది.

కృష్ణబిలం అనగానే మన పత్రికల్లో ఎలా రాస్తారో మీకు తెలుసు. రాకాసి బిలం, నక్షత్రాన్ని నమిలి మింగుతున్న భూతం, ఆ పక్కన మంటలు కక్కే బొమ్మ. చదివినవాడు "అబ్బో" అని పేజీ తిప్పుతాడు. కనబడని దాన్ని ఉందని ఎలా కనిపెట్టారు, దాని బరువు ఎవరు తూచారు, ఏ తక్కెడతో తూచారు అన్న అసలు ముచ్చట ఉండదు. మా దృష్టిలో అది లేని వార్త, కొత్త దెయ్యం కథ. ఊళ్ళో చింతచెట్టు మీది దెయ్యాన్ని నమ్మవద్దని చెప్పి, ఆకాశంలో ఇంకో దెయ్యాన్ని నమ్మమన్నట్టు.

కాబట్టి తక్కెడ సంగతి చెబుతాం.

ఎక్స్-కిరణాలు అంటే ఆసుపత్రిలో ఎముక విరిగితే తీసేవే. ఆకాశం నుంచీ వస్తాయి. భూమి వాతావరణం వాటిని ఆపేస్తుంది, కనుక గాలి పైకి పోయి చూడాలి. 1964లో అమెరికాలో ఎగరేసిన ఒక రాకెట్ హంస మండలం వైపు నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను పట్టుకుంది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరంలోని సముద్ర వేదిక మీది నుంచి ఒక ఉపగ్రహం ఎగిరింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం కావడంతో దానికి ఉహురు అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యం అని అర్థం. సిగ్నస్ ఎక్స్-1 వెలుగు సెకనులో చిన్న భాగంలోనే మినుకుమినుకుమని మారిపోతోందని ఉహురు చూపింది. అంత త్వరగా మారేది పెద్దదై ఉండటానికి వీల్లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెలుగు ప్రయాణించే సమయం కంటే వేగంగా ఏ వస్తువూ మొత్తంగా మినుకుమనలేదు. అంటే నక్షత్రం కన్నా ఎంతో చిన్నది, ఎక్స్-కిరణాలు మాత్రం విపరీతంగా వెదజల్లుతోంది. 1971లో అదే దిక్కు నుంచి రేడియో తరంగాలు కూడా దొరికాయి. వాటితో స్థానం ఖచ్చితంగా తేలింది. అక్కడ ఉన్నది మన హాల్ టికెట్ నంబరు నీలి తార.

నీలి తార ఒక్కటే అయితే అంత ఎక్స్-కిరణాలు వెదజల్లలేదు. మరి పక్కన ఎవరు?

మన చెల్లెళ్ళు ఒప్పులకుప్ప ఆడటం చూశారుగదా. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు గట్టిగా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. అమావాస్య చీకట్లో ఆడుతున్నారనుకోండి. ఒకరి చేతికి లాంతరు కట్టారు, రెండోవారికి లేదు. దూరం నుంచి మనకు లాంతరు ఒక్కటే గుండ్రంగా తిరుగుతూ కనబడుతుంది. ఒంటరిగా ఎవరూ అలా వెనక్కి వాలి తిరగలేరు, పడిపోతారు. కాబట్టి అవతల ఎవరో ఉన్నారు. లాంతరు ఎంత వేగంగా, ఎంత పెద్ద సున్నా చుడుతోందో కొలిస్తే, అవతలివాళ్ళు బక్కపలచటివాళ్ళా బరువైనవాళ్ళా అనేది కూడా చెప్పవచ్చు. రెండోవాళ్ళ ముఖం చూడనక్కరలేదు.

ఇంగ్లండులోని రాయల్ గ్రీనిచ్ అబ్జర్వేటరీలో లూయిస్ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్ అనే ఇద్దరు, కెనడాలో టొరంటో దగ్గరి డేవిడ్ డన్లప్ అబ్జర్వేటరీలో టామ్ బోల్టన్ అనే ఇంకొకరు, ఎవరికి వారుగా 1971లో చేసింది ఇదే. బోల్టన్‌కు అప్పటికి 28 ఏళ్ళు. మాకంటే ఐదేళ్ళు పెద్ద, అంతే. వాళ్ళు తార వెలుగును వర్ణపటంగా విడగొట్టి అందులోని గీతలు రాత్రి రాత్రికీ ఎంత జరుగుతున్నాయో చూశారు. డాప్లర్ ప్రభావం అని మనం పరీక్షకు బట్టీ పట్టే పాఠం ఇదే. రైలు కూత దగ్గరకొస్తే సన్నగా, దూరం పోతే బొంగురుగా వినిపిస్తుందని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటాం, మర్చిపోతాం. ఈ తార సెకనుకు సుమారు 75 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తూ, మళ్ళీ అంతే వేగంతో వెనక్కి పోతూ, 5.6 రోజులకొక చుట్టు తిరుగుతోందని తేలింది. వెలుగు వేగంతో పోలిస్తే అది నాలుగు వేల భాగాల్లో ఒక భాగం. గీత జరిగేది అంతే. ఆ కాస్త జరగడాన్ని పట్టుకున్నారు.

ఇంతవరకూ వచ్చి ఆగితే బరువు తేలదు. లాంతరు పట్టుకున్నవారి బరువు తెలిస్తేనే అవతలివారి బరువు తెలుస్తుంది. తార బరువు అంచనా కట్టాలంటే అది ఏ రకం తారో, ఎంత వేడిదో తెలియాలి. వర్ణపటంలో ఏ మూలకం గీతలు ఎందుకు కనబడతాయో, ఆ గీతలను బట్టి వేడిని ఎలా లెక్కించాలో 1920లో చెప్పినవాడు మేఘనాథ్ సాహా. ఆయన అయనీకరణ సమీకరణమే దానికి తాళంచెవి.

ఇక్కడ కాసేపు ఆగుతాం, ఎందుకంటే సాహా గురించి మన హాస్టల్ గోడ మీద ఒక్క ముక్కా లేదు. 1893లో ఢాకా దగ్గర శ్యావొరాతలి అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది చిన్న దుకాణం. పెద్ద బడికి ఊరు దాటి పోవాల్సి వస్తే ఒక డాక్టరు గారి ఇంట ఉండి, వాళ్ళ ఇంటి పనులు చేసిపెడుతూ చదివాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాక ఈడెన్ హిందూ హాస్టల్లో ఉంటే, ఆయన కులం చూసి కొందరు విద్యార్థులు పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకోలేదు. ఆ హాస్టల్ కుర్రవాడు 27 ఏళ్ళు రాకముందే రాసిన సమీకరణంతో ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నీ తారల వేడిని కొలవడం మొదలుపెట్టాయి. ఆయన్ను పక్కకు నెట్టి కూర్చున్నవాళ్ళ పేర్లు మాకు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు.

మళ్ళీ తక్కెడ దగ్గరకు వద్దాం. నీలి మహాతారలు బరువైనవి. అంత బరువైనదాన్ని ఆ వేగంతో తిప్పాలంటే అవతలిది సూర్యుడికి కనీసం కొన్ని రెట్లు ఉండాలి. చచ్చిపోయిన తార కుంచించుకుపోయి న్యూట్రాన్ తారగా నిలబడగల బరువుకు హద్దు ఉంది. సూర్యుడికి రెండు మూడు రెట్లు దాటితే దాన్ని నిలబెట్టే బలం ఏదీ లేదు. కనుక కృష్ణబిలం. వెబ్‌స్టర్, మర్డిన్, బోల్టన్ల పత్రాలు 1972 మొదట్లో నేచర్ పత్రికలో వచ్చాయి.

అందరూ చప్పట్లు కొట్టి ఒప్పేసుకున్నారని అనుకోవద్దు. ఆ తార నిజంగా అంత బరువైనదా, లేక దగ్గరలో ఉండి అలా కనబడే తేలిక తారా అని అడిగినవాళ్ళు ఉన్నారు. అలా అడిగినందుకు వాళ్ళను ఎవరూ గుంజీలు తీయించలేదు. దూరం మళ్ళీ కొలిచారు. 1974లో స్టీఫెన్ హాకింగ్, కిప్ థోర్న్ పందెం వేసుకున్నారు. అది కృష్ణబిలం కాదని హాకింగ్, అవునని థోర్న్. విశేషమేమంటే హాకింగ్ కృష్ణబిలాల మీద ఎంతో పని చేసినవాడు. అవి లేవని తేలితే కనీసం పందెమైనా గెలుస్తానని అటు వైపు వేశాడట. 1990లో ఓడిపోయానని ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. థోర్న్ గెలుచుకున్నది ఒక పత్రికకు ఏడాది చందా. ఆ పత్రిక పేరు ఇక్కడ రాస్తే మా వార్డెన్ సారు ఈ సంచికనే ఆపేస్తారు.

2011లో రేడియో టెలిస్కోపులతో దూరాన్ని కొలిస్తే సుమారు 6,070 కాంతి సంవత్సరాలు వచ్చింది, కృష్ణబిలం బరువు 15 సూర్యులకు దగ్గరగా తేలింది. బొటనవేలు ముఖం ముందు పెట్టి ఒక్కో కన్ను మూసి చూస్తే వేలు అటూ ఇటూ జరిగినట్టుంటుందిగదా, ఆ పద్ధతే. రెండు కళ్ళకు బదులు భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోని రెండు కొసలు. 2021లో ఇంకా జాగ్రత్తగా మళ్ళీ కొలిస్తే దూరం 7,200 అయింది. దూరం పెరిగింది కనుక తార నిజంగా ఇంకా వెలుగైనది, ఇంకా బరువైనది. కృష్ణబిలం 21 సూర్యులు, నీలి తార సుమారు 41. ఇదే ఆఖరి మాట అని కూడా ఎవరూ ప్రమాణం చేయలేదు. సవరించుకున్నారు కదా అని నమ్మకం తగ్గించుకునేవాళ్ళు కొందరు ఉంటారు. మాకు మాత్రం సవరించుకునే మాట మీదే గురి.

కావాలంటే మీరే సరిచూడండి, కాగితం పెన్ను చాలు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే, ఈ జంట మధ్య దూరం 0.244. చుట్టు తిరిగే కాలం 5.6 రోజులు, అంటే ఏడాదిలో 0.01533 వంతు. దూరాన్ని ఘనం చేస్తే 0.01453. కాలాన్ని వర్గం చేస్తే 0.000235. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 62కు రవ్వంత తక్కువ. 41, 21 కలిపితే ఎంతో చూడండి. ఇది కెప్లర్ మూడో నియమం, ఫస్టియర్ పాఠం. నిజం చెప్పాలంటే శాస్త్రవేత్తలు ఈ వరుసలో చేయలేదు. తార సైజు, వేగం, కక్ష్య వంపు అన్నీ ముడిపెట్టి ఆ 0.244 రాబట్టారు. కానీ సరిచూసుకునే హక్కు, సరిచూసుకునే సత్తా ఇంటర్ చదివే ప్రతి తమ్ముడికీ చెల్లికీ ఉన్నాయి. మేము అడుగుతున్నది అదే.

ఈ సంగతి మన నేలకు దూరమైనదా అంటే, అదీ కాదు. నీలి తార వర్ణపటంలో హీలియం గీతలు ఉన్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చి, సూర్యుడి అంచు జ్వాలల్లో మెరిసే గీతలు చూశాడు. అలాంటి గీతల్లో పసుపుపచ్చనిది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాకయర్ గ్రహించాడు. హీలియం కథలో గుంటూరుకు చోటు అలా వచ్చింది. 1960ల చివర, 1970ల మొదట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి ఎగరేసి ఇదే సిగ్నస్ ఎక్స్-1 ఎక్స్-కిరణాలను కొలిచారు. ఆ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన పెట్టె ఒకటి 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే ఊరంతా చుట్టూ మూగింది. ఇదేమిటో చెప్పగలవాడు ఆ గుంపులో ఒక్కడున్నా బాగుండు అని ఆ రోజు వార్త చూస్తూ మేము అనుకున్నాం. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ కూడా ఈ జంటను చూసింది.

ఇక ఇంటి మాట. మాలో చాలామందిమి మా ఇళ్ళలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాళ్ళం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "దాంతో ఏం ఉద్యోగం వస్తది?" ఆ ప్రశ్న తప్పని మేము అనం. కూలికి పోయి మమ్మల్ని చదివించిన అమ్మానాయనలకు ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది. మాకు కోపం వచ్చేది వేరేవాళ్ళ మీద. బాగా చదువుకుని, మంచి ఉద్యోగంలో ఉండి, వార్షికోత్సవాల్లో మైకు పట్టుకుని "మీలాంటివాళ్ళకు రీసెర్చ్‌లు ఎందుకు, త్వరగా ఏదో ఒక ఉద్యోగం చూసుకోండి" అని ప్రేమగా సలహా ఇచ్చేవాళ్ళ మీద. తమ పిల్లలకు అదే సలహా ఇస్తారా? కానిస్టేబుల్ ఉద్యోగం మంచిదే, టీచర్ ఉద్యోగం ఇంకా మంచిది. కానీ ఎవరు ఎక్కడిదాకా ఆలోచించవచ్చో హద్దురాయి పాతే పని వాళ్ళది కాదు.

ఆకాశం మన పెద్దలకు కొత్తదేమీ కాదు. మా నాయనలు విత్తనం వేసింది మృగశిర కార్తె చూసి. గొల్లకావడి అని మా అవ్వలు చూపించిన మూడు చుక్కల పక్కన నీలంగా మెరిసే రైజెల్ కూడా నీలి మహాతారే. దాన్ని కళ్ళారా చూస్తూనే పెరిగాం. మధ్యలో ఎవరో వచ్చి నక్షత్రం అంటే జాతకం అని మార్చేశారు. అదృష్టవశాత్తూ ఆ బాధ మాకు తక్కువ. మాలో సగం మంది పుట్టినరోజు బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టర్ గారు అందాజాగా రాసినదే. జాతకం చెప్పించుకుందామన్నా తేదీ సరిపోదు.

ఇలాంటి వ్యాసం చివర కృష్ణబిలాన్ని పేద విద్యార్థితో పోల్చి, కనబడకపోయినా బరువైనవాళ్ళం అని ముగిస్తే సభలో చప్పట్లు పడతాయి. మేము ఆ పని చేయం. కృష్ణబిలం కృష్ణబిలమే. దాన్ని దానిలాగే తెలుసుకోవాలని ఉంది మాకు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఈ ఏడాది మీ చందాలతో గేటు దగ్గర స్వాగత కమాను కట్టించాలని అనుకుంటున్నట్టు విన్నాం. దానికి బదులు 50 మిల్లీమీటర్ల కటకాలున్న మంచి బైనాక్యులర్లు రెండు, ఆకాశ పటం ఒకటి, లైబ్రరీ బీరువాలో గైడ్ల పక్కన తెలుగులో దొరికే ఖగోళ పుస్తకాలు కొన్ని కొనిపెట్టండి. కమాను కన్నా తక్కువే అవుతుంది. ఏడాదికి నాలుగుసార్లు వచ్చి చూపించే బాధ్యత మాది.

హంస మండలం దసరా రోజుల్లో సాయంత్రం ఏడు, ఎనిమిది గంటలకు దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరం వైపు ఉంటుంది. మెడలో ఈటా సిగ్ని అనే చుక్క కంటికి కనబడుతుంది. దాని పక్కనే, నిండు చంద్రుడి వెడల్పు అంత దూరంలోపే, మన నీలి తార. ఊరి లైట్లకు దూరంగా, చీకటి బాగా ఉన్నచోట బైనాక్యులర్లో సన్నటి చుక్కలా దొరుకుతుంది. దొరకకపోతే మర్నాడు మళ్ళీ చూడాలి. మన హాస్టల్ డాబా మీద చీకటి బాగానే ఉంటుంది. డాబా తలుపు తాళంచెవి మాత్రం వాచ్‌మన్ తాత దగ్గర ఉంది. స్టడీ అవర్ అయ్యాక గంటసేపు ఆ తాళం తీయడానికి వార్డెన్ సారు అనుమతి ఇవ్వాలి.